బిట్ పేపర్ ఇంగ్లీషులో మెలికలు: ప్రశ్నను తెలుగులో పట్టుకోవడం

(సివిల్స్, గ్రూప్స్, నీట్ అభ్యర్థుల తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లు కాస్త ముందుకు జరగండి, బోర్డు మీద రాసేవి చాలా ఉన్నాయి.

ఈ పూట కొత్త సబ్జెక్టు ఏమీ చెప్పడం లేదు. జవాబు మీకు తెలిసిన ప్రశ్నలోనే మార్కు ఎలా జారిపోతుందో, దాన్ని ఎలా ఆపుకోవాలో చూద్దాం. ముందు లెక్క చూడండి. సివిల్స్ ప్రిలిమ్స్ మొదటి పేపరులో 100 ప్రశ్నలు, 200 మార్కులు, రెండు గంటలు. ప్రశ్నకు 72 సెకన్లు. తప్పు పెడితే ఆ ప్రశ్న మార్కుల్లో మూడో వంతు కోత. నీట్‌లో 2025 నుంచి 180 ప్రశ్నలకు 180 నిమిషాలు. ఒప్పుకు 4, తప్పుకు మైనస్ 1. అంటే తెలిసిన ప్రశ్నను తప్పుగా చదివితే అక్కడ పోయేవి నాలుగు కావు, ఐదు. రావలసిన నాలుగు రాలేదు, చేతిలో ఉన్నది ఇంకొకటి పోయింది. సివిల్స్‌లో ఇదే లెక్కన 2.66. ఏపీపీఎస్సీలోనూ మూడో వంతు కోత ఉంది. నెగెటివ్ మార్కులు లేని పరీక్ష అయితే నష్టం ఒక్క మార్కే, కానీ ఆ ఒక్క మార్కు దగ్గర ఎంతమంది ఆగిపోతారో మీకు తెలుసు.

సివిల్స్ ప్రిలిమ్స్ పేపర్ ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటుంది. నీట్‌కు తెలుగు ఎంచుకుంటే బుక్‌లెట్‌లో తెలుగు, ఇంగ్లీషు రెండూ వస్తాయి, కానీ అనువాదంలో తేడా ఉంటే ఇంగ్లీషే ప్రమాణం. కాబట్టి తెలుగు మీడియం వాళ్లు కూడా ఇంగ్లీషులోని కొన్ని చిన్న మాటలను పట్టుకోగలగాలి. చిన్న మాటలే. పెద్ద పదాల దగ్గర ఎవరైనా ఆగి ఆలోచిస్తారు. నాట్, ఓన్లీ, అన్‌లెస్, బట్ లాంటివి అందరికీ వచ్చు అనుకుంటాం కాబట్టి వాటి మీదుగా కన్ను జారిపోతుంది. తప్పులు ఎక్కువగా అక్కడే జరుగుతాయి.

దీనికి కారణం వాక్యం కట్టు. తెలుగులో కాదు, లేదు, కూడదు అనేవి వాక్యం చివర వస్తాయి. చివరి మాట చెవిలో నిలుస్తుంది. ఇంగ్లీషులో 'విచ్ ఆఫ్ ది ఫాలోయింగ్ ఈజ్ నాట్ కరెక్ట్' అన్నప్పుడు నాట్ ముందే వచ్చేస్తుంది. ఆ తర్వాత నాలుగు పొడవాటి ఆప్షన్లు చదవాలి. మూడో ఆప్షన్‌కి వచ్చేసరికి ఆ నాట్ మనసులోంచి జారిపోతుంది. మొదటి ఆప్షన్ నిజమని తెలియగానే చెయ్యి దాన్ని బబుల్ చేసేస్తుంది. తెలుగు అనువాదంలోనూ ఈ ప్రమాదం ఉంది. 'సరైనది', 'సరికానిది' రెండూ వేగంగా చదివేటప్పుడు ఒకేలా కనిపిస్తాయి.

దీనికి మందు ఒక్కటే, యాంత్రికంగా చెయ్యాలి. ప్రశ్నలో ఏం అడిగారన్నది కాసేపు పక్కన పెట్టండి. నాలుగు ఆప్షన్ల పక్కన ఒప్పుకు 'ఒ', తప్పుకు 'త', తెలియకపోతే చుక్క. కంప్యూటర్ పరీక్ష అయితే రఫ్ షీట్ మీద 1, 2, 3, 4 వేసి వాటి కింద రాయండి. అన్నీ గుర్తించాకే ప్రశ్నలోని చివరి వాక్యం మళ్లీ చదవండి. 'ఒ త ఒ ఒ' అని వస్తే అడిగింది తప్పైనదాన్ని. 'త త ఒ త' అని వస్తే అడిగింది ఒప్పైనదాన్ని. మీ గుర్తులే ప్రశ్నను మీకు తిప్పి చెబుతాయి. గుర్తులు రెండు, రెండుగా వస్తే మీకు తెలిసినదానిలో పొరపాటు ఉన్నట్టు, లేదా ప్రశ్న ఇంకేదో అడుగుతున్నట్టు. ఉదాహరణకు 'ఆల్ ఆఫ్ ది ఫాలోయింగ్ ఆర్టరీస్ క్యారీ ఆక్సిజనేటెడ్ బ్లడ్ ఎక్సెప్ట్' అంటారు. మూడు ధమనులకు 'ఒ', పుపుస ధమనికి 'త'. ఒంటరిగా ఉన్నదే జవాబు. ధమని అనగానే మంచి రక్తం అని బట్టీ పట్టినవాళ్లకు ఇక్కడ నాలుగు 'ఒ'లు వస్తాయి. అప్పుడైనా ఆగుతారు కదా, అదీ లాభమే.

ఇప్పుడు రెండు నాట్‌లు ఉన్న వాక్యం. బోర్డు చూడండి: 'విచ్ వన్ ఆఫ్ ది ఫాలోయింగ్ ఈజ్ నాట్ అమాంగ్ ది స్టేట్స్ దట్ డు నాట్ హావ్ ఎ లెజిస్లేటివ్ కౌన్సిల్?' ఆప్షన్లు ఒడిశా, కేరళ, తెలంగాణ, తమిళనాడు. ఇలాంటి వాక్యాన్ని ఇంగ్లీషు వరుసలో అర్థం చేసుకోవడానికి కష్టపడొద్దు. 'దట్' ఎక్కడుందో వెతకండి. దట్ తర్వాతి భాగాన్ని తెచ్చి ముందు పెట్టండి, ఎందుకంటే తెలుగులో విశేషణం ముందే వస్తుంది: 'శాసన మండలి లేని రాష్ట్రాలు'. అదొక సంచి. ఇప్పుడు బయటి నాట్: 'ఆ సంచిలో లేనిది ఏది?' అంటే మండలి ఉన్నది. జవాబు తెలంగాణ. లోపలి నాట్‌ది లోపలే తేల్చాలి, ఆ తర్వాతే బయటిది. రెండూ ఒకేసారి ముట్టుకుంటే చిక్కుముడి పడుతుంది.

అయితే రెండు నాట్‌లు ఎప్పుడూ కొట్టేసుకుంటాయని అనుకోకండి. 'నాట్ అన్‌కామన్' అంటే సాధారణం అని కాదు, అరుదేమీ కాదు అని. లెక్కల్లో మైనస్ ఇంటూ మైనస్ ప్లస్ అవుతుంది. భాషలో కాస్త తరుగు ఉంటుంది.

ఇంక ఈ పూట అసలు విషయానికి వస్తాను. ఇంగ్లీషు ప్రశ్నను విప్పడానికి తెలుగు అడ్డం అనుకుంటారు చాలామంది. నా దృష్టిలో అది సరైన ఆలోచన కాదు. షరతులు చెప్పడానికి తెలుగులో ఉన్న పనిముట్లు చాలా పదునైనవి, వాటిని పరీక్షలో వాడుకోవడం మనకు ఎవరూ నేర్పలేదు. ఒక్కొక్కటి చూపిస్తాను.

రాజ్యాంగం 110వ అధికరణం రెండో క్లాజు తీసుకోండి. 'ఎ బిల్ షల్ నాట్ బీ డీమ్డ్ టు బీ ఎ మనీ బిల్ బై రీజన్ ఓన్లీ దట్ ఇట్ ప్రొవైడ్స్ ఫర్ ది ఇంపొజిషన్ ఆఫ్ ఫైన్స్...' అని సాగుతుంది. ఇది చదివి చాలామంది 'జరిమానాలు విధించే బిల్లు ద్రవ్య బిల్లు కాదు' అని నోట్సు రాసుకుంటారు. తప్పు. వాక్యంలో ఓన్లీ ఉంది. మన భాషలో దీనికి అచ్చంగా సరిపోయే మాట 'అంత మాత్రాన'. 'జరిమానాల ప్రస్తావన ఉన్నంత మాత్రాన అది ద్రవ్య బిల్లు అయిపోదు.' ఇలా అనగానే తేలిపోయింది చూశారా? జరిమానాలతో పాటు పన్ను విధింపు లాంటి అసలు అంశాలు ఉంటే అది ద్రవ్య బిల్లు కావచ్చు. 'జరిమానా విధించే ఏ బిల్లూ ద్రవ్య బిల్లు కాజాలదు' అని పరీక్షలో ఇస్తే అది తప్పు వాక్యం. మీ నోట్సులో 'అంత మాత్రాన' అని ఉంటే పట్టుకుంటారు, లేకపోతే పట్టుకోలేరు.

రెండోది, ఇఫ్‌కూ ఓన్లీ ఇఫ్‌కూ తేడా. 'వస్తే ఇస్తాను', 'వస్తేనే ఇస్తాను'. ఆ ఒక్క 'నే' ఎంత బలమైనదో పసిపిల్లలకు కూడా తెలుసు. మూడో అధికరణం ప్రకారం కొత్త రాష్ట్రం ఏర్పాటు బిల్లును రాష్ట్రపతి సిఫారసు మీద తప్ప ఏ సభలోనూ ప్రవేశపెట్టకూడదు. ఇంగ్లీషులో అది 'నో బిల్... ఎక్సెప్ట్ ఆన్ ది రికమెండేషన్' అని వస్తుంది. నో ఒకచోట, ఎక్సెప్ట్ ఇంకోచోట. తెలుగులోకి మార్చుకోండి: 'సిఫారసు ఉంటేనే ప్రవేశపెట్టాలి.' నో, ఎక్సెప్ట్ రెండూ కలిస్తే 'నే'. ఇక్కడే ఇంకో మెలిక. 'ఉంటేనే' అంటే 'ఉంటే చాలు' అని కాదు. సిఫారసు ఉండి తీరాలి, కానీ అదొక్కటే సరిపోదు. బిల్లు రాష్ట్రం సరిహద్దులను, విస్తీర్ణాన్ని, పేరును తాకేదైతే రాష్ట్రపతి దాన్ని ఆ రాష్ట్ర శాసనసభ అభిప్రాయం కోసం పంపాలి కూడా.

ఆ శాసనసభ మాట వచ్చింది కాబట్టి నీడ్ నాట్, మస్ట్ నాట్ చూద్దాం. నీడ్ నాట్ అంటే 'అక్కర్లేదు'. మస్ట్ నాట్ అంటే 'కూడదు'. రెండింట్లోనూ నాట్ ఉంది కదా అని ఒకే గాటన కట్టొద్దు. శాసనసభ అభిప్రాయం అడగాలి, సభ ఒప్పుకోనక్కర్లేదు. 2014 జనవరిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ పునర్వ్యవస్థీకరణ బిల్లును మూజువాణి ఓటుతో తిరస్కరించింది, ఫిబ్రవరిలో పార్లమెంటు దాన్ని ఆమోదించింది. మనందరి కళ్ల ముందు జరిగినదే. కాబట్టి ఆప్షన్‌లో వ్యూస్ అని ఉందా, కన్సెంట్ అని ఉందా అన్నది చూడండి. ఒకటి అభిప్రాయం, రెండోది ఒప్పుకోలు. అలాగే 'నాట్ నెసెసరిలీ' అంటే 'కానక్కర్లేదు'. 'కాదు' అనుకుంటే మార్కు పోతుంది.

అన్‌లెస్ అంటే 'తే తప్ప'. నాట్ అంటిల్ అంటే 'గానీ... లేదు'. 'ది కాన్‌స్టిట్యూషన్ డిడ్ నాట్ కమ్ ఫుల్లీ ఇంటూ ఫోర్స్ అంటిల్ 26 జనవరి 1950' అంటే, ఆ తేదీ వచ్చాక గానీ పూర్తిగా అమల్లోకి రాలేదు. నాట్ చూసి 'ఆ తేదీన రాలేదు' అని తీసుకుంటే ఎదురు జవాబు వస్తుంది. ఆల్ బట్ వన్ అంటే ఒక్కటి తప్ప అన్నీ. ఎనీథింగ్ బట్ అంటే ఎంతమాత్రం కాదు. నథింగ్ బట్ అంటే అది తప్ప మరేమీ కాదు. ఫ్యూ అంటే బహు కొద్ది, ఎ ఫ్యూ అంటే కొన్ని ఉన్నాయి. ఈ నాలుగూ ఒక చీటీ మీద రాసి పెట్టుకోండి, వీటికి ఇంతకన్నా వివరం అక్కర్లేదు.

ఇక సంఖ్యల హద్దులు. నాట్ లెస్ దాన్, నాట్ ఎక్సీడ్, అట్ లీస్ట్, అట్ మోస్ట్. వీటిలో హద్దు సంఖ్య కూడా లోపలే ఉంటుందని ముందు గుర్తు పెట్టుకోండి. లోక్‌సభకు 'నాట్ లెస్ దాన్ 25 ఇయర్స్' అంటే సరిగ్గా 25 నిండినవారు అర్హులే. 'మోర్ దాన్ 25' అని ఆప్షన్ ఇస్తే అది తప్పు.

171వ అధికరణంలో ఈ రెండు హద్దులూ ఒకేచోట ఉన్నాయి. మండలి సభ్యుల సంఖ్య శాసనసభ సంఖ్యలో మూడో వంతుకు మించకూడదు. ఎట్టి పరిస్థితుల్లోనూ 40కి తగ్గకూడదు. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 175, మూడో వంతు 58.33, మండలి 58. సరే. తెలంగాణ శాసనసభ 119, మూడో వంతు 39.66. మించకూడదంటే 39 దగ్గర ఆగాలి. కానీ మండలిలో 40 మంది. ఎలా? 'ప్రొవైడెడ్ దట్... షల్ ఇన్ నో కేస్ బీ లెస్ దాన్ ఫార్టీ' అన్న రెండో హద్దు గెలిచింది. ప్రొవైడెడ్ దట్ తర్వాత వచ్చేది మినహాయింపు. అది ముందున్న మాటను కోస్తుంది. 'ఏ రాష్ట్రంలోనూ మండలి సంఖ్య శాసనసభలో మూడో వంతును దాటి ఉండదు' అని ప్రశ్నలో ఇస్తే తెలంగాణ లెక్కే దాన్ని కొట్టేస్తుంది.

ఇదే లెక్కల్లో చూద్దాం. మూడు నాణేలు ఎగరేస్తే ఎనిమిది ఫలితాలు. అట్ లీస్ట్ వన్ హెడ్, అంటే కనీసం ఒకటి: 7/8. అట్ మోస్ట్ వన్ హెడ్, అంటే ఒకటికి మించకుండా: బొమ్మ అసలు పడనిది ఒకటి, ఒక్కటే పడ్డవి మూడు, మొత్తం 4/8. ఎగ్జాక్ట్లీ వన్: 3/8. నో హెడ్: 1/8. నాట్ ఆల్ హెడ్స్, అంటే మూడూ బొమ్మలే కాకుండా: 7/8. నాణేలు అవే, మాట మారితే జవాబు మారింది. నలుగురిలో ముగ్గురు అట్ మోస్ట్ దగ్గర సున్నాను మరిచిపోయి 3/8 పెడతారని అనుకోండి, పేపర్ తయారుచేసేవాళ్లు కూడా అలాగే అనుకుంటారు. అందుకే 3/8 ఆప్షన్లలో తప్పకుండా ఉంటుంది.

ఆ చివరి రెండింటి దగ్గర మన తెలుగుతోనే జాగ్రత్తగా ఉండాలి. 'అందరూ రాలేదు' అంటే ఎవరూ రాలేదనా, కొందరే వచ్చారనా? రెండు రకాలుగానూ వాడతాం. 'మెరిసేదంతా బంగారం కాదు' అన్నప్పుడు మెరిసేది ఏదీ బంగారం కాదని ఎవరూ అనుకోరు. పరీక్షలో ఆల్, నాట్ కలిసి కనిపిస్తే 'అందరూ... లేదు' అన్న రూపం వాడకండి. 'ఎవరూ లేరు' అనో, 'అందరూ కాదు, కొందరే' అనో తేల్చి రాసుకోండి. రీజనింగ్‌లో ఇంకొకటి: 'సమ్ ఎ ఆర్ బి' అంటే మన 'కొన్ని'లా 'అన్నీ కాదు' అన్న సూచన ఉండదు. అన్నీ కూడా అయి ఉండవచ్చు.

లెక్కల పదాల వరుస గురించి రెండు మాటలు. '5 లెస్ దాన్ ట్వైస్ ఎ నంబర్ ఈజ్ 19.' ఇంగ్లీషు వరుసలో రాస్తూ పోతే 5 ముందు పడుతుంది, 5 లోంచి తీసివేస్తారు. తెలుగులో చెప్పండి: 'ఒక సంఖ్యకు రెట్టింపు కంటే 5 తక్కువ.' రెట్టింపు ముందొచ్చింది, 5 తర్వాత తగ్గింది. లెక్క చెయ్యాల్సిన వరుసా అదే. 24లోంచి 5 తీస్తే 19, సంఖ్య 12. అలాగే ఇంక్రీజ్డ్ బై, ఇంక్రీజ్డ్ టు. '20 శాతం పెరిగింది', '20 శాతానికి పెరిగింది'. ఆ 'కి' అక్షరమే టు. కరెంట్ అఫైర్స్‌లోనూ ఇది కావాలి. 2025 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు రెపో రేటును 6.50 నుంచి 6.25 శాతానికి తగ్గించింది. తగ్గింది 25 బేసిస్ పాయింట్లు, అంటే 0.25 పర్సంటేజ్ పాయింట్లు. '0.25 శాతం తగ్గింది' అంటే లెక్క ప్రకారం తప్పు. శాతంలో చెబితే తగ్గుదల సుమారు 3.85.

ఇప్పుడు 'హౌ మెనీ' ప్రశ్నలు. 2023 సివిల్స్ ప్రిలిమ్స్‌లో ఇవి పెద్ద ఎత్తున వచ్చాయి. పాత పద్ధతిలో ఆప్షన్లు '1 ఓన్లీ', '1 అండ్ 2 ఓన్లీ' ఇలా ఉండేవి. ఒక వాక్యం తప్పని తెలిస్తే రెండు ఆప్షన్లు ఎగిరిపోయేవి. కొత్త పద్ధతిలో 'ఓన్లీ వన్, ఓన్లీ టూ, ఆల్ త్రీ, నన్'. ఏ వాక్యాలు ఒప్పన్నది అడగడం లేదు, ఎన్ని ఒప్పన్నదే అడుగుతున్నారు. ఇక్కడ జరిగే ప్రమాదాన్ని దగ్గరగా చూడండి. మూడు వాక్యాలు: ఒకటి, రాజ్యసభను ఐదేళ్లకోసారి రద్దు చేస్తారు. రెండు, ద్రవ్య బిల్లును రాజ్యసభ 14 రోజుల్లోగా తిప్పి పంపాలి. మూడు, రాజ్యసభ సభ్యత్వానికి కనీస వయసు 35 ఏళ్లు. రాజ్యసభ రద్దు కాదు, కనీస వయసు 30. కాబట్టి రెండో వాక్యం ఒక్కటే ఒప్పు. మనసులో 'రెండోది కరెక్ట్' అని తిరుగుతూ ఉంటుంది. కన్ను ఆప్షన్లలో 'ఓన్లీ టూ' చూస్తుంది. చెయ్యి బబుల్ చేసేస్తుంది. జవాబు 'ఓన్లీ వన్'. తెలుగులో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ, '1 మాత్రమే' అన్నా 'ఒకటి మాత్రమే' అన్నా నోటికి ఒకటే. అందుకని 'ఒ', 'త' గుర్తులు పెట్టాక 'ఒ'లను లెక్కపెట్టి, ఆ సంఖ్యను అంకెలో కాకుండా అక్షరాల్లో పక్కన రాయండి. 'ఒకటి'. తర్వాతే ఆప్షన్ల వైపు చూడండి. 'ఈజ్/ఆర్ కరెక్ట్' అని ఉన్నచోట ఆర్ చూసి ఒకటికంటే ఎక్కువ ఉండాలని ఊహించకండి. అది వ్యాకరణం కోసం పెట్టిన మాటే.

అసర్షన్, రీజన్ ప్రశ్నల్లో, అంటే ఒక వాక్యం, దానికి కారణంగా ఇంకో వాక్యం ఇచ్చేవాటిలో, మూడు పనులు విడివిడిగా చెయ్యాలి. మొదటి వాక్యం నిజమా? రెండోది నిజమా? రెండూ నిజమైతేనే మూడో పని: మధ్యలో 'ఎందుకంటే' పెట్టి చదవడం. 'మంచు నీటి మీద తేలుతుంది, ఎందుకంటే దాని సాంద్రత నీటికన్నా తక్కువ.' అతికింది. 'మంచు నీటి మీద తేలుతుంది, ఎందుకంటే నీరు సాధారణ పీడనం వద్ద 100 డిగ్రీలకు మరుగుతుంది.' రెండూ నిజమే, అతకలేదు. రెండు నిజాలు పక్కపక్కన ఉంటే మనసు వాటిని దానంతటదే కలిపేస్తుంది. 'ఎందుకంటే'ను పైకి ఉచ్చరించినట్టు లోపల అనుకుంటే ఆ అతుకు ఊడిపోతుంది.

సివిల్స్ ప్రిలిమ్స్ రెండో పేపరు సీశాట్. దాని పాసేజీల్లో ఇన్‌ఫరెన్స్, అజంప్షన్ కలిపేస్తారు. ఇన్‌ఫరెన్స్ పాసేజీ తర్వాతిది: 'ఇదంతా నిజమైతే ఇంకేం తేలుతుంది?' అజంప్షన్ పాసేజీకి ముందుది: 'ఏది నమ్మి ఈ మాట అన్నారు?' అజంప్షన్‌కు పరీక్ష: ఆ ఆప్షన్‌ను 'కాదు' అని తిప్పి చూడండి. పాసేజీ వాదన కూలిపోతే అదే అజంప్షన్. కూలకపోతే కాదు. బెస్ట్, మోస్ట్ అప్రోప్రియేట్ అన్న మాట ఉంటే ఒకటికి మించి నిజమైన ఆప్షన్లు ఉంటాయని ముందే అనుకోండి. మొదటి నిజం దగ్గర ఆగకండి.

ఇంటి దగ్గర సాధన ఇలా చెయ్యండి. పాత పేపరు ఒకటి తీసి, రోజుకు 25 ప్రశ్నలకు జవాబు పెట్టకుండా, అడిగిందేమిటో ఒక్క తెలుగు వాక్యంలో రాయండి. మర్నాడు ఇంగ్లీషు ప్రశ్న పక్కన పెట్టి పోల్చండి. నాట్, ఓన్లీ, అట్ లీస్ట్ ఏవైనా రాలిపోయాయేమో చూడండి. మాక్ టెస్టు తర్వాత తప్పులను రెండు కుప్పలు చెయ్యండి: తెలియక పోయినవి, చదవడంలో పోయినవి. రెండో కుప్పలో ప్రతిదాని పక్కన ఏ మాట దగ్గర జారారో ఆ మాట రాయండి. పది మాక్‌లు అయ్యేసరికి అవే నాలుగైదు మాటలు తిరిగి తిరిగి కనిపిస్తాయి. అవే మీ మాటలు. పక్కవాళ్ల జాబితా మీకు పనికిరాదు. పరీక్ష హాల్లో ఆ నాలుగైదు కనిపించగానే పెన్సిలుతోనో పెన్నుతోనో గుండ్రంగా చుట్టండి, ఓఎంఆర్ మీద కాదు, ప్రశ్నపత్రం మీద.

ఇప్పుడు మీకు ఇచ్చిన కాగితాలు తిప్పండి. పది ప్రశ్నలున్నాయి. జవాబులు గుర్తించొద్దు, ఒక్కో ప్రశ్న కింద తెలుగు వాక్యం మాత్రం రాయండి. నాలుగో ప్రశ్నలో 'దట్' రెండుసార్లు వస్తుంది, లోపలి సంచి ముందు విప్పండి. పన్నెండు నిమిషాలు. మొదలుపెట్టండి.